ఓడిపోయిన పడవలే మిగిలాయి

నీటి మీద చరిత్ర - 14

పోయిన వారం డచ్చివాళ్ళను పులికాట్ ఒడ్డున వదిలిపెట్టాం. 1610లో రెండో వేంకటపతిరాయలు వాళ్ళకు అక్కడ వర్తకం చేసుకోమని కౌలు ఇవ్వడం, 1612లో పోర్చుగీసులు ఆ స్థావరం మీద పడి పాడుచేయడం, మరుసటి ఏడు గెల్డ్రియా కోట లేవడం చెప్పుకున్నాం. ఆ రాయలవారిని మీలో చాలామంది చూసే ఉంటారు. తిరుమల మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో కృష్ణదేవరాయలు, అచ్యుతరాయల విగ్రహాలతో పాటు చేతులు జోడించి నిలబడిన వేంకటపతిరాయలు ఆయనే. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే ఆగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. చంద్రగిరిలోనూ వేలూరులోనూ కొలువు తీరి, చితికిపోయిన విజయనగర రాజ్యాన్ని తన జీవితకాలమంతా నిలబెట్టిన మనిషి. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆ వైపు తలతిప్పండి.

ఆ కౌలు పట్టుకుని మన తీరానికి వచ్చిపోయిన డచ్చి నౌకలన్నీ ఒక రకం కావు. బట్టల మూటలు, మిరియాలు మోసే పెద్ద ఓడలు వేరు. వాటి వెంట తిరిగే చిన్న, తేలికపాటి నౌకలు వేరు. వీటిని యాట్‌లు అనేవారు. సరుకు మోసే ఓడకు వెడల్పు కావాలి, కబురు మోసే నౌకకు పరుగు కావాలి. లోతు తక్కువ చోట్ల దూరాలి, శత్రువు కనిపిస్తే తప్పించుకోవాలి. వేంకటపతిరాయలు కౌలు ఇవ్వడానికి ముందటి ఏడు, 1609లో, అదే డచ్చి కంపెనీకి చెందిన 'హాఫ్ మూన్' అనే యాట్ హెన్రీ హడ్సన్ నాయకత్వంలో అమెరికా తీరంలో ఒక నదిలోకి ఎదురెక్కింది. ఆ నదీ ముఖంలోనే తర్వాత న్యూయార్క్ నగరం వెలసింది. మన కథ కాసేపట్లో ఆ ఊరికి చేరుతుంది కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోండి.

కబుర్ల కోసం కట్టిన నౌక పందేల్లోకి ఎలా వచ్చింది? దానికి ఒక రాజు కారణం. ప్రవాసం ముగించుకుని 1660లో సింహాసనం ఎక్కిన ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ఆమ్‌స్టర్‌డామ్ నగరం 'మేరీ' అనే యాట్‌ను కానుకగా పంపింది. ఆయనకు దాని మీద మోజు పుట్టింది. తనకొకటి, తమ్ముడికొకటి కొత్తగా కట్టించుకున్నారు. 1661 అక్టోబరు 1న అన్నదమ్ములిద్దరూ థేమ్స్ నది మీద గ్రీన్విచ్ నుంచి గ్రేవ్సెండ్‌కు, అక్కడినుంచి వెనక్కి వంద పౌన్ల పందెం వేసుకున్నారు. పోయేటప్పుడు రాజు ఓడాడు, వచ్చేటప్పుడు గెలిచాడు. జాన్ ఎవ్లిన్ తన డైరీలో రాసిపెట్టబట్టి ఇది మనదాకా వచ్చింది.

తర్వాతి 200 ఏళ్ళను గబగబా దాటేద్దాం. ధనవంతుల క్లబ్బులు వచ్చాయి, నియమాలు వచ్చాయి. 1851 ఆగస్టు 22న న్యూయార్క్ నుంచి వచ్చిన 'అమెరికా' అనే స్కూనర్ రకం యాట్ ఇంగ్లండు దక్షిణాన వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో బ్రిటిష్ యాట్‌లన్నిటినీ ఓడించి ఒక వెండి పాత్ర పట్టుకుపోయింది. ఆ పాత్రే అమెరికాస్ కప్. న్యూయార్క్ యాట్ క్లబ్ దాన్ని 132 ఏళ్ళు ఎవరికీ వదల్లేదు. 1983లో ఆస్ట్రేలియా వాళ్ళు వచ్చి గెలుచుకుపోయేదాకా అది అక్కడే ఉంది.

ఈ 132 ఏళ్ళ వరసలో మనకు బాగా తెలిసిన పేరు ఒకటుంది. లిప్టన్. ఆ పేరు వింటే మన ఇళ్ళలో టీ పొట్లం గుర్తొస్తుంది. ఆ పొట్లం వెనక ఉన్న థామస్ లిప్టన్ గ్లాస్గోలో పేదింట పుట్టి, 1871లో ఒక చిన్న కిరాణా కొట్టుతో మొదలుపెట్టి, 1890లో సిలోన్‌లో తేయాకు తోటలు కొన్నాడు. ఆ కొండల్లో ఆకు కోసిన కూలీలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళినవాళ్ళు, అత్యధికులు తమిళులు. మన చిత్తూరు ప్రాంతం అప్పుడు అదే ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు వేరే జిల్లా అయింది 1911లో. ఆ కూలీల చెమటతో వచ్చిన డబ్బును లిప్టన్ ఐదుసార్లు నీళ్ళ మీద పెట్టాడు. 1899, 1901, 1903, 1920, 1930. ఐదు పడవలకూ ఒకటే పేరు, 'షామ్రాక్'. ఐదుసార్లూ ఓడిపోయాడు.

1920లో మాత్రం అంచుదాకా వెళ్ళాడు. ఐదు పందేల్లో మొదటి రెండూ ఆయన పడవే గెలిచింది. ఇంకొక్కటి గెలిస్తే కప్పు చేతికొచ్చేది. మిగిలిన మూడూ పోయాయి. పదేళ్ళు ఆగి, ఎనభై దాటిన వయసులో ఐదోసారి వచ్చాడు. ఈసారి వరసగా నాలుగు పందేలూ ఓడాడు. అప్పుడు అమెరికా జనం చేసిన పని చూడండి. హాస్యనటుడు విల్ రోజర్స్ పత్రికల ద్వారా తలా ఒక డాలరు వేసుకుందామని పిలుపునిస్తే, ఆ చందాలతో ఆ ముసలాయనకు బంగారు కప్పు చేయించి ఇచ్చారు. తమ దేశం మీద పోటీకి వచ్చి ఓడినవాడికి! ఇంగ్లండులో కులీనుల రాయల్ యాట్ స్క్వాడ్రన్ మాత్రం కిరాణా కొట్టువాడని ఆయన్ని ఏళ్ళ తరబడి గుమ్మం దగ్గరే ఆపింది. ఆయన ఉత్తర ఐర్లండులోని రాయల్ అల్స్టర్ యాట్ క్లబ్ తరఫున పోటీ చేయాల్సి వచ్చింది. చివరికి 1931లో ఆ స్క్వాడ్రన్ సభ్యత్వం ఇచ్చింది. అదే ఏడు అక్టోబరులో ఆయన కన్నుమూశాడు.

ఆయన చివరి పడవ ఐదో షామ్రాక్ జె-క్లాస్ అనే వర్గానికి చెందింది. 1930 నుంచి 1937 దాకా ప్రపంచం మొత్తం మీద కట్టినవి పదే పది. ఆరు అమెరికావి, నాలుగు బ్రిటన్‌వి. ఒక్కొక్కటీ సుమారు 120 అడుగులు, అంతకు పైనా పొడవు, 150 అడుగులు దాటే స్తంభం, దాని మీద ఒకే ఒక పెద్ద తెరచాప, ముందువైపు మరికొన్ని. ఈనాటికీ పాత పందెం పడవలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ముందు చెప్పే పేరు ఈ వర్గానిదే.

ఈ పదింటిలో గెలిచినవేవి, మిగిలినవేవి? 1930లో కప్పు నిలబెట్టిన 'ఎంటర్‌ప్రైజ్'ను 1935లోనే విడగొట్టి అమ్మేశారు. 1934లో గెలిచిన 'రెయిన్‌బో' 1940లో తుక్కయింది. 1937లో వరసగా నాలుగూ గెలిచిన 'రేంజర్', తన కాలంలో సాటిలేని పడవ, 1941లో తుక్కు కిందికి పోయింది. మిగతా మూడు అమెరికా పడవలదీ అదే గతి. అంతకుముందు 1903లో లిప్టన్‌ను ఓడించిన మహా నౌక 'రిలయన్స్' 1913లో తుక్కు. కప్పుకు తన పేరిచ్చిన 1851 నాటి 'అమెరికా' సైతం పట్టించుకునేవాళ్ళు లేక షెడ్డులో పడి ఉంటే, 1942లో మంచు బరువుకు షెడ్డు పైకప్పు దాని మీద కూలింది. యుద్ధం ముగిసిన ఏడు దాన్ని తుక్కు చేశారు. బ్రిటిష్ రాజకుటుంబానికి 200కు పైగా విజయాలు తెచ్చిన 'బ్రిటానియా'ను, ఐదో జార్జి పోయాక ఆయన కోరిక ప్రకారమే 1936లో సముద్రంలో ముంచేశారు.

జె-క్లాస్ పదింటిలో ఈ రోజుకీ నీళ్ళ మీద ఉన్నవి మూడే: ఐదో షామ్రాక్, వెల్షెడా, ఎండెవర్. మూడూ బ్రిటన్‌వే. వాటిలో రెండు కప్పు పందెంలో ఓడినవి. మూడోది, వెల్షెడా, ఆ పందేనికే వెళ్ళలేదు.

ఇందులో వింతేమీ లేదని ఒక రకంగా అనిపిస్తుంది. గెలిచిన పడవ ఒక్క పోటీ కోసం, ఒక్క నియమావళి కోసం పుట్టింది. ఆ పని అయ్యాక దాన్ని నడపడానికి ముప్ఫై మంది జీతగాళ్ళు, లంగరు వేయడానికి లోతైన రేవు, ఏటా కొత్త తెరచాపలు కావాలి. మాంద్యం రోజులు, ఆపైన యుద్ధం. సీసానికి, ఇనుముకు, కంచుకు ధర పలికింది. గెలిచేసింది కాబట్టి యజమానికి దానితో ఇంక పని లేదు. నా మటుకు నాకు ఈ లెక్క అర్థమవుతుంది కానీ మనసుకు ఎక్కదు. గెలుపు మీద ప్రేమ ఉన్నవాళ్ళ చేతుల్లో ఆ పడవలు నిలవలేదు. నిలిచినవి పడవ మీద ప్రేమ ఉన్నవాళ్ళకు దొరికినవి.

ఎండెవర్ కథే తీసుకోండి. విమానాల తయారీదారు టామ్ సాప్విత్ కోసం చార్లెస్ నికల్సన్ గీసిన పడవ అది. 1934లో మొదటి రెండు పందేలూ గెలిచింది. మూడోదాంట్లో ముందంజలో ఉండి, ఎదుటి పడవ మీద చుక్కాని పట్టిన షెర్మన్ హోయిట్ వేసిన ఎత్తుకు చిక్కి ఓడింది. అక్కడినుంచి కోలుకోలేక నాలుగు-రెండు తేడాతో కప్పు పోగొట్టుకుంది. 1947లో తుక్కువాడికి అమ్మారు. విడగొట్టడానికి కొన్ని గంటల ముందు ఇంకెవరో వచ్చి కొనుక్కున్నారు. చేతులు మారుతూ మారుతూ 1970లలో వైట్ దీవిలోని మెడినా నదిలో మునిగింది. ఇద్దరు వడ్రంగులు పది పౌన్లు ఇచ్చి దాన్ని కొని, పొట్టకు పడ్డ చిల్లుల్లో ప్లాస్టిక్ సంచులు కుక్కి పైకి తేల్చారు. పది పౌన్లు! 1984లో ఎలిజబెత్ మేయర్ అనే అమెరికన్ మహిళ కొనేనాటికి అది స్తంభం లేని, కింద సీసపు బరువు లేని తుప్పు పట్టిన ఉక్కు డొల్ల. కదిపితే విరిగిపోతుందన్న భయంతో ఉన్నచోటే అతుకులు వేయించి, తర్వాత హాలండ్‌కు లాక్కుపోయి హౌస్మన్ నౌకా నిర్మాణశాలలో పూర్తి చేయించింది. 1989 జూన్ 22న ఎండెవర్ మళ్ళీ తెరచాప ఎత్తింది. అదే ఏడు అమెరికాలోని న్యూపోర్ట్ దగ్గర ఐదో షామ్రాక్‌తో పందేనికి దిగింది. యాభై ఏళ్ళ తర్వాత రెండు జె-క్లాస్ పడవలు పక్కపక్కన పరుగెత్తడం అదే మొదలు. చుట్టూ పడవల్లో జనం కిక్కిరిసి చూశారు.

వెల్షెడా అంతకంటే మౌనంగా బతికింది. ఊల్వర్త్ దుకాణాల అధిపతి స్టీఫెన్సన్ 1933లో కట్టించి, తన ముగ్గురు కూతుళ్ళ పేర్లలోంచి అక్షరాలు ఏరి ఆ పేరు పెట్టాడు. 1937 తర్వాత హాంబుల్ నది బురదలో కూరుకుపోయి, దశాబ్దాలపాటు మనుషులు కాపురం ఉండే ఇల్లయింది. 1984లో దాన్ని బురదలోంచి లాగారు.

ఇంతకీ వీటి ఆకర్షణ దేనిలో ఉంది? ఫోటో చూసిన ఎవరైనా ముందు చెప్పేది ఆకారం గురించి. ముందు ముక్కు, వెనక తోక నీటికి పైన ఎంతో దూరం సన్నగా సాగి ఉంటాయి. ఎండెవర్ మొత్తం పొడవు సుమారు 130 అడుగులైతే, కదలకుండా నిలబడి ఉన్నప్పుడు నీటిని తాకే పొడవు 83 అడుగుల చిల్లరే. మిగిలిన 46 అడుగులు గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. ఇది అందం కోసం చేసింది కాదు. నీటిని చీల్చుకుపోయే పడవ తన వెంట ఒక అలను లాక్కుపోతుంది. నీటిని తాకే పొడవు పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. ఆ పొడవును అడుగుల్లో తీసుకుని వర్గమూలం కట్టి 1.34తో హెచ్చవేస్తే, ఇలాంటి పడవ అందుకోగల వేగం సుమారుగా వస్తుంది. 81 అడుగులైతే వర్గమూలం 9, వేగం గంటకు 12 నాటికల్ మైళ్ళు, మన లెక్కలో 22 కిలోమీటర్లు. నియమం ప్రకారం పడవను నిటారుగా, నిశ్చలంగా ఉన్నప్పుడే కొలిచేవారు. పొడవు పెరిగితే తెరచాప తగ్గించుకోవాలి. అందుకని నిర్మాతలు రెండు కొసలనూ నీటికి పైన సాగదీశారు. గాలి పట్టి పడవ ఒక పక్కకు ఒరగగానే ఆ కొసలు నీళ్ళలోకి దిగుతాయి. కొలతలో లెక్కకు రాని పొడవు, దాంతోపాటు వేగం, రెండూ వచ్చిపడతాయి. నియమాన్ని అతిక్రమించకుండా నియమం పక్కనుంచి జారిపోయే తెలివి ఆ వంపులో ఉంది. కారణం ఉన్న వంపు కాబట్టే కంటికి అంత నిండుగా ఉంటుందని నా నమ్మకం.

ఈ పడవల్ని నడిపిందెవరో కూడా చెప్పాలి. చుక్కాని దగ్గర యజమాని ఉంటాడు, పత్రికల్లో ఆయన పేరే వస్తుంది. తాళ్ళు లాగినవాళ్ళు మాత్రం ఎసెక్స్ తీరంలోని టోల్స్‌బరీ, బ్రైట్లింగ్సీ వంటి పల్లెల జాలరులు. చలికాలం చేపలు పట్టి, ఎండాకాలం ధనవంతుల పడవల మీద జీతానికి వెళ్ళేవాళ్ళు. 1934లో అమెరికా ప్రయాణానికి ముందు సాప్విత్ దగ్గర వాళ్ళలో కొందరు కూలి పెంచమన్నారు. ఆయన పెంచలేదు. వాళ్ళు దిగిపోయారు. వాళ్ళ స్థానంలో క్లబ్బుల నుంచి సరదాగా వచ్చిన ఔత్సాహికులతో న్యూపోర్ట్ వెళ్ళాడు. కప్పు ఆ జీతం దగ్గరే పోయిందని రాసిన చరిత్రకారులున్నారు. నేనూ ఆ పక్షమే. మన పులికాట్‌లో తెరచాప పడవ మీద వెళ్ళే జాలరిని దగ్గరగా గమనిస్తే ఎందుకో తెలుస్తుంది. తెరచాప తాడును కొయ్యకు కట్టేయడు, చేతిలోనే పెట్టుకుంటాడు. గాలి ఒక్కసారి విసిరికొట్టిందంటే, మనకు తెలిసేలోపు తాడు వదులవుతుంది, ఒళ్ళు ఎదురు అంచుకు జరుగుతుంది, పడవ తిరిగి నిలదొక్కుకుంటుంది. అది చిన్నప్పటి నుంచి చేతికి అబ్బిన విద్య. పడవ ఎంత గొప్పదైనా ఆ చేయి లేకపోతే గెలవదు.

చేతుల మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళ చేతుల గురించీ చెప్పుకోవాలి. ఆ కాలపు మంచి యాట్‌లకు టేకంటే బర్మా టేకే. కొయ్యలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ఉప్పునీటికి, ఎండకు త్వరగా పుచ్చదు, దానిలో దిగిన మేకు త్వరగా తుప్పు పట్టదు. స్కాట్లండులోని ఫెయిర్లీ గ్రామంలో విలియం ఫైఫ్ 1931లో కట్టిన 'ఆల్టెయిర్' పక్కపలకలు టేకువే. ఆ పడవను 1980లలో ఉన్నది ఉన్నట్టుగా బాగుచేయడంతోనే పాత యాట్‌లను కాపాడాలన్న ఊపు యూరప్ అంతటా వచ్చింది. ఇరావతి మీద తేలుతూ వచ్చిన బర్మా టేకు దుంగలు రంగూన్ రంపపు మిల్లులకు చేరేవి. ఆ మిల్లుల్లో, బియ్యపు మిల్లుల్లో, రేవులో కూలీలు ఎవరు? పెద్ద భాగం తెలుగువాళ్ళు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కిన జనం. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్ళను కోరంగీలు అనేవారు. 1930 ఏప్రిల్‌లో లిప్టన్ చివరి పడవ ఇంగ్లండులోని గోస్పోర్ట్‌లో నీళ్ళలోకి దిగింది. మరుసటి నెలలోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దించి, సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళను పంపేయడంతో అల్లర్లు రేగాయి. వందమందికి పైగా చనిపోయారు, అత్యధికులు మనవాళ్ళు. యాట్‌ల చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. ఆ కాలపు పడవల డెక్కులు చూసినప్పుడు ఆ పలకను కోసిన చేయి తెలుగుచేయి అయి ఉండవచ్చని నాకనిపిస్తుంది.

బాగుచేసిన పాత పడవ అసలుదేనా అని అడిగేవాళ్ళుంటారు. ఎండెవర్‌లో 1934 నాటి ఉక్కు కొంతే మిగిలింది, స్తంభం కొత్తది, లోపలి గదులు కొత్తవి. తిరుపతివాళ్ళకు ఈ ప్రశ్న కష్టమేమీ కాదు. గోవిందరాజస్వామి రథానికి చక్రం మార్చినా, దూలం మార్చినా మనం కొత్త రథం వచ్చిందనం. ఈ విషయంలో పాత పడవలవాళ్ళు రెండు వర్గాలు. ఉన్న కొయ్య ఒక్క పేడు కూడా పోనివ్వకూడదనేవాళ్ళు ఒకరు, నడిస్తేనే పడవ అనేవాళ్ళు ఒకరు. నేను రెండో వర్గం. నడవని పడవ కొయ్య కూడా నిలవదు. ఎందుకో ఇంకాసేపట్లో చెబుతాను.

పోయిన పడవల్ని మళ్ళీ పుట్టించేవాళ్ళూ వచ్చారు. పాత గీతల ప్రకారం కొత్త రేంజర్, కొత్త రెయిన్‌బో తయారయ్యాయి. వాటిలో ఒకదాని పేరు విని నేను ఉలిక్కిపడ్డాను. 1937లో రేంజర్ చేతిలో నాలుగు-సున్నా ఓడి, 1968లో తుక్కయిన రెండో ఎండెవర్‌ను దాని పాత రూపంలోనే 2009లో హాలండ్‌లో మళ్ళీ కట్టారు. కట్టించింది ఇంటర్నెట్ తొలి రోజుల నెట్‌స్కేప్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన జిమ్ క్లార్క్. పడవ పేరు 'హనుమాన్'. సముద్రాన్ని లంఘించినవాడి పేరు ఒక పందెం పడవకు పెట్టాలని మనకు తట్టలేదు, అమెరికా ఆసామికి తట్టింది. అంజనాద్రి నీడలో ఉన్న మనకు ఇది తెలియాలి.

గెలిచి కూడా మిగిలిన పడవ లేదా? ఉంది. అది మన దేశంలో పుట్టింది. 'సుహైలి'. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీలో అధికారిగా ఉన్న రాబిన్ నాక్స్-జాన్స్టన్ 1960ల మొదట్లో బొంబాయిలో కట్టించుకున్న 32 అడుగుల రెండు స్తంభాల పడవ. టేకు కొయ్య. బొంబాయి వడ్రంగులు బాడిసెతో చెక్కి, తాడు చుట్టి తిప్పే బరమాతో తూట్లు పొడిచి, తాతల నాటి పనిముట్లతో దాన్ని నిలబెట్టారు. జె-క్లాస్ పక్కన పెడితే అది బొద్దుగా, పొట్టిగా, రెండు కొసలూ మొనదేలి, పందెం పడవలాగే కనిపించదు. 1968లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావాలని లండన్ పత్రిక ఒకటి గోల్డెన్ గ్లోబ్ పోటీ పెట్టింది. బయల్దేరినవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళలో మరింత వేగంగా వెళ్ళగల పడవలున్నాయి. 1968 జూన్ 14న ఫాల్మత్ నుంచి వెళ్ళిన సుహైలి 312 రోజుల తర్వాత, 1969 ఏప్రిల్ 22న అక్కడికే తిరిగొచ్చింది. తొమ్మిదింటిలో గమ్యం చేరింది అదొక్కటే. ఐదువేల పౌన్ల బహుమతిని నాక్స్-జాన్స్టన్, ఆ పోటీలోనే సముద్రంలో ప్రాణం పోగొట్టుకున్న డొనాల్డ్ క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు.

సుహైలిని 1997లో గ్రీన్విచ్ నౌకా మ్యూజియంలో పెట్టారు. ఎంతో గౌరవమే. కానీ కొయ్య పడవ పలకల సందుల్లో దూది పురి దట్టించి, నీళ్ళలోకి దించితే పలకలు ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుంటాయి. నీరే దాని బిగువు. మ్యూజియంలోని పొడిగాలికి ఆ టేకు ఎండి, కుంచించుకుపోయి, సందులు విచ్చడం మొదలైంది. యజమాని అది చూడలేక 2002లో పడవను బయటికి తెచ్చుకున్నాడు. ఏళ్ళపాటు పలకలు సరిచేసి 2016లో మళ్ళీ నీళ్ళలోకి దించాడు. నడిస్తేనే పడవ అనే వర్గంలో నేనెందుకున్నానో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

ఆ గోల్డెన్ గ్లోబ్ పోటీకి యాభై ఏళ్ళు నిండినప్పుడు, 2018లో, పాత పద్ధతుల్లోనే మళ్ళీ నడిపారు. ఉపగ్రహం చూపే దారి వాడకూడదు, సూర్యుణ్ణి, నక్షత్రాలను కొలిచి దారి తెలుసుకోవాలి. మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ సుహైలి నమూనాలోనే గోవాలో కట్టించిన 'తురియ' మీద వెళ్ళాడు. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు స్తంభాలు విరిగి, వెన్నెముక దెబ్బతిని, పడవలో కదల్లేక పడి ఉంటే మూడు రోజులకు ఫ్రెంచి నౌక కాపాడింది. ఆయన మళ్ళీ వెళ్ళాడు. 2023లో మరో పడవ మీద రెండో స్థానంలో పూర్తి చేశాడు. మొదటి స్థానం దక్షిణాఫ్రికా మహిళ కిర్స్టెన్ నాయ్‌షేఫర్‌ది.

మన తెలుగమ్మాయిలూ ఈ వరసలో ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన నౌకాదళ పడవ 'తారిణి' మీద ఉన్న ఆరుగురు మహిళల్లో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అది పందెం కాదు, పాత పడవా కాదు. కానీ గోవాలో కట్టిన ఆ పడవ గీతలు హాలండ్‌వి. వేంకటపతిరాయల కాలంలో పులికాట్ ముందు లంగరు వేసిన వాళ్ళ విద్య నాలుగు వందల ఏళ్ళకు ఇద్దరు తెలుగమ్మాయిల చేతికి వచ్చిందంటే, చరిత్ర రాసేవాడికి అంతకంటే ఏం కావాలి.

సుహైలిని చెక్కిన బొంబాయి వడ్రంగులను యజమాని మెచ్చుకుని పుస్తకంలో రాశాడు. మన తీరంలో తరాల తరబడి ధోనీలు కట్టినవాళ్ళ పని మీద అలాంటి పుస్తకం రావలసే ఉంది. వాళ్ళు ఎక్కువగా ఉన్నది గోదావరి నోటి దగ్గర, కోరంగి, తాళ్ళరేవుల్లో. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊళ్ళను తుడిచిపెట్టినా, వాళ్ళు ఆ బురదలోనే మళ్ళీ ఓడలు కట్టారు. వచ్చే వారం కోరంగి వెళ్దాం.